జప్తుకు ముందు జడ్జి: మద్రాసు రాజధానిలో శిస్తు బకాయిల వసూలు చరిత్ర

అప్పిచ్చిన షావుకారు బాకీదారు ఎద్దులను తోలుకుపోవాలంటే ముందు దావా వేయాలి, డిక్రీ తెచ్చుకోవాలి, ఆ డిక్రీని అమలు జరపమని మళ్లీ కోర్టునే అడగాలి. సర్కారుకు రావలసిన శిస్తుకు ఇవేవీ అక్కర్లేదు. బకాయి ఇంత అని తేల్చేదీ, నోటీసు పంపేదీ, జప్తు చేసేదీ, వేలం పాడించేదీ ఒకే శాఖ. న్యాయస్థానం ప్రమేయం ఉంటే గింటే అదంతా అయ్యాకే. ఈ ఏర్పాటు అనాదిగా వస్తున్నదే అనుకోవడం సహజం. తెలుగు జిల్లాల వరకు అది నిజం కాదు. పద్దెనిమిదో శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీయే ఈ పద్ధతి అన్యాయమని చట్టంలో రాసుకుంది, కలెక్టరును జడ్జికి లోబరిచింది. తర్వాత అరవై ఏళ్లలో ఆ మాటనుంచి మెల్లమెల్లగా వెనక్కి జరిగింది.

కోర్టులు రాకముందు బకాయి వసూలంటే ఎవరి బలం వారిది. ఉత్తర సర్కార్లపై కంపెనీకి 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం దొరికాయి. గుంటూరు 1788లో చేతికొచ్చింది. జమీందారులు ఏటా పేష్కష్ (కప్పం) కట్టాలి. కట్టనివారి విషయం తేల్చడానికి కంపెనీ దగ్గర ఉన్న సాధనం పటాలమే. విజయనగరం రాజు చిన విజయరామరాజు బకాయి పడ్డాడని కంపెనీ అతని జమీందారీని స్వాధీనం చేసుకుని, అతన్ని మచిలీపట్నం వెళ్లి ఉండమంది. అతను వెళ్లకుండా తన వారితో పద్మనాభం దగ్గర విడిది చేశాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన దాడిలో రాజు, అతని వెంట ఉన్న అనేకమంది దొరలు ప్రాణాలు విడిచారు. ఇంతటి యుద్ధానికి మూలం బకాయి లెక్క. ఆ లెక్క సరైనదో కాదో విన్న మూడో మనిషి ఎవరూ లేరు.

రాజుల సంగతి అలా ఉంటే, ఊళ్లో రైతు దగ్గర వసూలు మరో రకం. బకాయిదారు గడప ముందు బంట్రోతును కూర్చోబెట్టడం, ఆ బంట్రోతు రోజు బత్తా కూడా రైతు నెత్తినే వేయడం, మనిషిని కచేరీ దగ్గర కదలకుండా నిలబెట్టడం మామూలు. దీనికి రాసిన చట్టమూ లేదు, అడ్డుచెప్పే చట్టమూ లేదు.

మొదటి మార్పు బెంగాల్లో వచ్చింది. కారన్‌వాలిస్ 1793లో శాశ్వత శిస్తు ఒప్పందంతో పాటు తెచ్చిన రెండో రెగ్యులేషన్, రెవెన్యూ అధికారులే తీర్పరులుగా కూర్చునే మాల్ అదాలతులను రద్దు చేసింది. దాని పీఠికలోని వాదం సూటిగా ఉంటుంది: శిస్తు వసూలు చేసేవాడే శిస్తు తగాదాలకు న్యాయమూర్తి అయితే, అతను చేసిన తప్పుకు ఎక్కడా విచారణ ఉండదు, భూమికి భద్రతా ఉండదు. అందుకని కలెక్టరుకు వసూలు పని మాత్రమే మిగిల్చి, తీర్పు చెప్పే అధికారాన్ని జిల్లా దివానీ అదాలతుకు (సివిలు కోర్టుకు) అప్పగించారు. కలెక్టరు హద్దు మీరితే అతనిపై కూడా దావా వేయవచ్చు. ప్రభుత్వం తన వసూలుదారును తన కోర్టు ముందు నిలబెట్టడానికి ఒప్పుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

అదే నమూనా 1802లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఆ ఏడాది 25వ రెగ్యులేషన్ జమీందారులకు శాశ్వత సనదులు ఇచ్చింది. 27వది వారి దగ్గర బకాయి ఎలా రాబట్టాలో, 28వది వారు తమ రైతుల దగ్గర ఎలా రాబట్టుకోవాలో చెప్పింది. మచిలీపట్నం, రాజమండ్రి వంటి చోట్ల జిల్లా కోర్టులు వెలిశాయి. అయితే ఈ ఏర్పాటును ఉన్నదానికంటే గొప్పగా చూపడం తగదు. ప్రతి జప్తుకూ ముందుగా జడ్జి సంతకం కావాలని ఆ రెగ్యులేషన్లు అనలేదు. జప్తు చేసే చొరవ కలెక్టరుదే. బకాయి లేదనో, లెక్క తప్పనో, అధికారి మితిమీరాడనో అనేవాడికి రెవెన్యూ శాఖతో సంబంధం లేని న్యాయమూర్తి ఒకడు ఊళ్లోనే దొరకడం కొత్త. జమీందారు రైతు చేనును జప్తు చేసినా అంతే.

ఈ చిన్నపాటి రక్షణ కూడా ఎక్కువకాలం నిలవలేదు. బెంగాల్లో రెండేళ్లు తిరక్కుండానే జిల్లా కోర్టుల్లో దావాలు వేలల్లో పేరుకున్నాయి. రైతుపై జమీందారు వేసిన దావా ఏళ్ల తరబడి నలుగుతుంటే, జమీందారుపై సర్కారు కిస్తు మాత్రం గడువు తేదీకి పడుతూనే ఉంది. కిస్తు తప్పిన ఎస్టేటు వేలానికి పోయేది. జమీందారుల మొరతో వచ్చిన 1799 నాటి ఏడో రెగ్యులేషన్ వారికి కోర్టు గడప తొక్కకుండా రైతు సొత్తును జప్తు చేసే విస్తారమైన అధికారం ఇచ్చింది. జాప్యం పాలైనది కోర్టు. దానికి మందుగా పెంచింది కోర్టును కాదు, జప్తు అధికారాన్ని. తర్వాతి శతాబ్దమంతా ఇదే వరస నడిచింది.

మద్రాసులో వెనకడుగుకు కారణం వేరు. ఇక్కడ శాశ్వత ఒప్పందం కోసం ఉత్తర సర్కార్లలో సర్కారు చేతిలోనే ఉన్న హవేలీ భూములను ముఠాలుగా (చిన్న ఎస్టేట్లుగా) కోసి వేలం వేస్తే, కొన్న ముఠాదారులు అనేకులు కిస్తులు కట్టలేక చేతులెత్తేశారు. మరోవైపు 1800లో నిజాం నుంచి వచ్చిన దత్త మండలాల్లో థామస్ మన్రో రైతుతో నేరుగా లెక్క పెట్టుకునే రైత్వారీ పద్ధతిని నాటాడు. 1820లో అతను గవర్నరయ్యేనాటికి మద్రాసు రాజధానిలో ఎక్కువ భాగానికి అదే దారి అని తేలిపోయింది. రైత్వారీలో సర్కారుకు బాకీ ఉండేది పదిమంది జమీందారులు కాదు, లక్షలాది పట్టాదారులు. ఒక్కొక్కరి బకాయి కొన్ని రూపాయలు, ఒక్కోసారి కొన్ని అణాలు. ఇన్ని చిల్లర బాకీలకు దావాలు వేస్తూ కూర్చుంటే జమాబందీ, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల ఖరారు, ముగిసేదెప్పుడని కలెక్టర్ల ప్రశ్న. మన్రోకు కారన్‌వాలిస్ సిద్ధాంతంపైనే నమ్మకం లేదు. ఇంగ్లీషు జడ్జికి ఊరి లెక్కలు తెలియవు, కలెక్టరుకు తెలుసు. రైతుకు కావలసింది దూరపు కోర్టు కాదు, దగ్గరి అధికారి అని అతని వాదం. న్యాయపాలనపై అతని నాయకత్వాన పనిచేసిన కమిషన్ ఫలితంగా 1816 రెగ్యులేషన్లు పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలను జడ్జి నుంచి తీసి కలెక్టరుకు ఇచ్చాయి. 1822 నాటి ఐదో రెగ్యులేషన్ భూస్వామికీ రైతుకూ మధ్య జప్తు తగాదాలను సంగ్రహ విచారణతో తేల్చే పని కూడా కలెక్టరుకే అప్పగించింది.

మన్రో వాదంలో బలం లేకపోలేదు. జిల్లా కోర్టు ఖర్చు, దూరం, స్టాంపు రుసుము, తెలియని భాష రైతుకు నిజంగానే అందనివి. కాని ఆ వాదం కలెక్టరును తలుచుకుని చేసినది. కచేరీలో రైతు మొహం చూసేది కలెక్టరు కాదు. తహసీల్దారు, అతని కింది శిరస్తాదారు, పేష్కారు, బంట్రోతులు. ఊళ్లో మునసబు, కరణం. శిస్తు వసూలు, పోలీసు, చిన్న నేరాల విచారణ మూడూ తహసీల్దారు గుప్పిట్లోకి వచ్చాయి. అతనిపై ఫిర్యాదు చేయాలన్నా అతని కచేరీ మీదుగానే పోవాలి.

దీని పర్యవసానం 1850ల్లో బయటపడింది. బయటపెట్టినవాడు తెలుగువాడే. మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో క్రెసెంట్ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. కంపెనీ చార్టరు పునరుద్ధరణ చర్చ వేళ ఆ సంఘం పార్లమెంటుకు పంపిన విన్నపంలో శిస్తు వసూలులో జరిగే హింస గురించి రాసింది. 1853లో డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే లక్ష్మీనరసు అతన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి బాధితులను చూపించాడు. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ విషయం లేచింది. కంపెనీ పెద్దలు ముందు నమ్మలేదు, లేదా నమ్మనట్టు మాట్లాడారు. చివరకు మద్రాసు ప్రభుత్వం ఇ.ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్‌లతో ఒక విచారణ సంఘం వేసింది. మద్రాసు టార్చర్ కమిషన్‌గా పేరుపడినది అదే.

ఫిర్యాదులకు ఇచ్చిన గడువు మూడు నెలలు. అంత తక్కువ వ్యవధిలో వందలమంది మద్రాసుకు స్వయంగా వచ్చారు. వందల మైళ్లు నడిచి వచ్చినవారూ వారిలో ఉన్నారు. ఉత్తరాల ద్వారా వచ్చినవి వెయ్యికి మించాయి. 1855 ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక శిస్తు వసూలు కోసం హింస వాడుకలో ఉందని తేల్చి చెప్పింది. రెండు పుల్లల మధ్య వేళ్లు పెట్టి బిగించే కిట్టి (తెలుగు జిల్లాల్లో దీన్నే చిరత అనేవారు), మనిషి తలను కాళ్లవైపు వంచి తాడుతోనో అతని బట్టతోనో కట్టిపడేసే అనుందాల్, వీపున బండ పెట్టి ఎండలో నిలబెట్టడం వంటివన్నీ అందులో నమోదయ్యాయి. దేని కోసం ఇంత? చాలా ఫిర్యాదుల్లో సొమ్ము చాలా చిన్నది. ఆ కొద్దిపాటి బాకీకి చట్టప్రకారం జప్తు, వేలం నడపడం కచేరీకి శ్రమ. కిట్టి పెట్టడానికి కాగితం అక్కర్లేదు.

నివేదికలో అంతకంటే ముఖ్యమైన భాగం హింసల జాబితా కాదు, బాధితులు ఎందుకు నోరు మెదపలేదన్న చర్చ. హింసకు యూరోపియన్ అధికారుల ఆమోదం ఉందని కమిషన్ ఒప్పుకోలేదు. భారమంతా దేశీయ ఉద్యోగులపైనే మోపింది. పై అధికారి ఏటా పూర్తి వసూలు అడుగుతూ, అది ఎలా వచ్చిందో అడగకపోవడాన్ని గురించి ఇంకా గట్టిగా రాయవలసింది. అయినా న్యాయం దొరికే దారులు ఎంత ఇరుకో అది దాచలేదు. దూరం, ఖర్చు, తహసీల్దారు భయం, కొట్టినవాడే పోలీసు కావడం అన్నీ చెప్పింది. కారల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో రాసిన వ్యాసానికి ఆధారం ఈ నివేదికే.

నివేదిక తర్వాత రెండు సంస్కరణలు జరిగాయి. ఒకటి, 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ రెవెన్యూ నుంచి విడిపోయింది. రెండోది 1864 నాటి రెండో మద్రాసు చట్టం, అంటే రెవెన్యూ రికవరీ చట్టం. కారన్‌వాలిస్ సిద్ధాంతానికి తిరిగి వెళ్లే అవకాశం ఇక్కడ దొరికింది. ప్రభుత్వం ఆ దారి తీసుకోలేదు. జప్తుకు ముందు జడ్జిని పెట్టే బదులు, జప్తు ఎలా చేయాలో అధికారికి వరస రాసి ఇచ్చింది.

ఆ వరస వివరంగానే ఉంది. భూమి, ఇళ్లు, పంట ప్రభుత్వ శిస్తుకు హామీ. కిస్తుబందీ తేదీకి కట్టకపోతే అది బకాయి. బకాయికి చరాస్తినైనా, స్థిరాస్తినైనా, రెంటినీ అయినా అమ్మవచ్చు. ముందు రాతపూర్వకంగా డిమాండు నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సొత్తు బకాయికి తగినంతే ఉండాలి. తాళం వేసిన గది తెరవాలన్నా, ఆడవాళ్లు ఉండే భాగంలోకి వెళ్లాలన్నా ప్రత్యేక షరతులున్నాయి. భూమి వేలానికి ముందు ప్రకటన, వేలం తర్వాత అభ్యంతరానికి 30 రోజుల గడువు, ఆపై కలెక్టరు ఖాయపరచడం. తాకట్టు పెట్టుకున్న షావుకారు తానే బకాయి కట్టి భూమిని కాపాడుకోవచ్చు. కాపాడుకోకపోతే అతని తాకట్టు గాలికి పోతుంది. 42వ సెక్షను కింద అమ్మిన భూమి పాత బాధ్యతలేవీ లేకుండా కొన్నవాడికి దక్కుతుంది.

ఆస్తి అమ్మినా బకాయి తీరక, బకాయిదారు కావాలనే ఎగవేస్తున్నాడనో మోసం చేస్తున్నాడనో కలెక్టరు నమ్మడానికి కారణం ఉంటే, 48వ సెక్షను అతన్ని అరెస్టు చేసి జైల్లో పెట్టే అధికారం ఇచ్చింది. బకాయి 50 రూపాయలు దాటకపోతే మూడు నెలలు, 500 దాటకపోతే ఆరు నెలలు, అంతకు మించితే రెండేళ్లు గరిష్ఠ గడువు. జైలు అనుభవించినంత మాత్రాన బాకీ మాఫీ కాదు. నమ్మవలసినది కలెక్టరే, వారంటు రాసేదీ కలెక్టరే.

కోర్టు చట్టం చివర కనిపిస్తుంది. శిస్తు రేటు ఎంత ఉండాలన్నది సివిలు కోర్టులు ముట్టుకోరాదని 58వ సెక్షను. ఈ చట్టం కింద జరిగిన పనివల్ల నష్టపోయినవాడు సివిలు కోర్టుకు వెళ్లవచ్చు, కాని ఆరు నెలల్లో వెళ్లాలని 59వ సెక్షను. 1802లో జడ్జి ఉన్న చోటికీ 1864లో జడ్జి ఉన్న చోటికీ మధ్య దూరం ఈ రెండు సెక్షన్లలో తెలుస్తుంది. చట్టం చేసిన మేలును కాదనడం తగదు. కిట్టి పోయి కాగితం వచ్చింది. కాగితం ఉన్నందువల్లే తర్వాతి కాలంలో నోటీసు సరిగా అందలేదనో, ప్రకటన సరిగా జరగలేదనో వేలాలను కోర్టులు కొట్టివేయగలిగాయి.

సర్కారు తనకు పెట్టుకోని షరతును జమీందారులకు మాత్రం పెట్టింది. 1865 నాటి ఎనిమిదో చట్టం ప్రకారం పట్టా ఇచ్చి ముచ్చిలికా (రైతు రాసిచ్చే ఒప్పుదల పత్రం) పుచ్చుకోని జమీందారు రైతుపై జప్తుకు దిగడానికి వీల్లేదు. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం ఆ వ్యవహారాన్ని ఇంకా బిగించింది. నిజాం రాజ్యంలో శిస్తు వసూలుకు వేరే చట్టం, 1317 ఫసలీ, అంటే 1907 నాటిది. అందులోనూ జప్తు, అమ్మకం, అరెస్టు రెవెన్యూ అధికారుల చేతిలోనివే.

ఈ యంత్రానికి గట్టి పరీక్ష 1921–22లో గుంటూరు జిల్లాలో ఎదురైంది. చీరాల–పేరాలలో మునిసిపల్ పన్ను కట్టం అన్నవారిలో కొందరికి జైలుశిక్షలు పడ్డాయి. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానేశారు, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. పశువులను, ఇంటి సామానును జప్తు చేయడానికి చట్టంలో అడ్డేమీ లేదు. జప్తు చేసినదాన్ని వేలంలో పాడుకునేవాడు ఊళ్లో ఉండాలి, లేడు. కోర్టు ఆపలేని జప్తును బహిష్కరణ ఆపింది. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం విరమించాకే వసూలు మళ్లీ దారిన పడింది.

ఈలోగా భూమిశిస్తు కోసం పుట్టిన పద్ధతి ఇతర బాకీలకూ పాకింది. 1864 చట్టంలోని 52వ సెక్షను సర్కారుకు రావలసిన ఇతర సొమ్ములకూ తలుపు తెరిచింది. ఆబ్కారీ పాటదారుల బకాయిలు, తక్కావీ అప్పులు (సాగు కోసం సర్కారు రైతులకిచ్చినవి), జరిమానాలు దాని కిందికి వచ్చాయి. 1922 నాటి ఆదాయపు పన్ను చట్టం 46వ సెక్షను ప్రకారం ఆదాయపు పన్ను అధికారి కలెక్టరుకు ఒక సర్టిఫికెటు పంపితే చాలు, కలెక్టరు దాన్ని భూమిశిస్తు బకాయిగానే వసూలు చేయాలి. బెంగాల్లో 1913 నాటి చట్టం ఇటువంటి సర్టిఫికెటుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఇచ్చింది. విచారణ లేకుండా డిక్రీ పుట్టే ఉపాయం అది.

రాజ్యాంగం వచ్చాక ఇది నిలుస్తుందా అన్న ప్రశ్న 48వ సెక్షనుపైనే వచ్చింది. మలబారులో ఒక వ్యాపారిని ఆదాయపు పన్ను బకాయికి కలెక్టరు 1954లో అరెస్టు చేయించాడు. ఆ సెక్షను ప్రాథమిక హక్కులకు విరుద్ధమని మద్రాసు హైకోర్టు అతన్ని విడిపించింది. 1957లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఈ అరెస్టు నేరానికి శిక్ష కాదు, వసూలుకు ఒక మార్గం. కాబట్టి అరెస్టైనవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న 22వ అధికరణం దీనికి వర్తించదని చెప్పింది. నేరం మోపబడినవాడికి ఉన్న రక్షణ బాకీ పడ్డవాడికి లేదన్నమాట. తర్కం చట్టం లెక్కన సరిపోవచ్చు గాని జైలు గదిలో ఉన్నవాడికి ఆ తేడా అర్థం కావడం కష్టం. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో అదే కోర్టు, బ్యాంకు డిక్రీ బాకీకి మనిషిని జైల్లో పెట్టాలంటే కట్టలేకపోవడం చాలదు, దురుద్దేశం కూడా రుజువు కావాలంది. అక్కడ ఆ రుజువు చూసేది జడ్జి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం వసూలుకు ట్యాక్స్ రికవరీ ఆఫీసరును సృష్టించింది. మొదట్లో పన్ను విధించే అధికారి సర్టిఫికెటు రాస్తే ఈ అధికారి వసూలు చేసేవాడు. 1989 ఏప్రిల్ నుంచి సర్టిఫికెటు రాసేదీ రికవరీ ఆఫీసరే. శాఖ లోపలే ఉన్న ఆ సన్నని గోడ కూడా పోయింది. అరెస్టుకు ముందు మాత్రం సంజాయిషీ నోటీసు ఇచ్చి విచారించాలని రెండో షెడ్యూలు చెప్పింది. నిర్బంధం గరిష్ఠంగా ఆరు నెలలు.

కోర్టులు అంచుల్లో కొన్ని హద్దులు గీశాయి. గడువు తీరి కోర్టులో చెల్లని బాకీని రెవెన్యూ రికవరీ దొడ్డిదారిన వసూలు చేయకూడదని 1999లో కేరళ కేసులో సుప్రీంకోర్టు అంది. స్టాంపు సుంకం ఎగవేత పట్టుకోవడానికి కలెక్టరు పంపిన ఏ వ్యక్తయినా బ్యాంకులో ఖాతాదారుల పత్రాలు తిరగేయవచ్చన్న ఆంధ్రప్రదేశ్ సవరణను 2004లో కొట్టేసింది. దూరాన అమెరికాలో కూడా, ముందస్తు తీర్పు లేకుండా సర్కారు బాకీ జప్తు చేయడం చెల్లుతుందని 1856లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 1998లో అక్కడి చట్టసభ మాత్రం, పన్ను చెల్లింపుదారు నివసించే ఇంటిని జప్తు చేయాలంటే ఫెడరల్ జిల్లా కోర్టు రాతపూర్వక అనుమతి కావాలని నియమం పెట్టింది.

భారతదేశంలో 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 79వ సెక్షను బకాయి వసూలుకు అనేక మార్గాలు చెబుతుంది. బ్యాంకుకు నోటీసు పంపి ఖాతాలోని సొమ్ము రాబట్టడం, సరుకు నిలిపివేయడం, ఆస్తి జప్తు చేసి అమ్మడం అందులో ఉన్నాయి. జిల్లా కలెక్టరుకు సర్టిఫికెటు పంపడమూ ఉంది. అందిన కలెక్టరు దాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాలి. మరో మార్గం మేజిస్ట్రేటుకు దరఖాస్తు. మేజిస్ట్రేటు బకాయి న్యాయమైనదా అని విచారించి అనుమతి ఇవ్వడానికి కాదు, తాను విధించిన జరిమానాలా ఆ సొమ్మును వసూలు చేసి పెట్టడానికి.